పాత పెట్రోల్ ట్రాక్టర్‌కు ఇథనాల్ పోశాక వచ్చే సమస్యలు - పరిష్కారాలు

నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఇప్పుడు దున్నేవి దాదాపు అన్నీ డీజిల్ ట్రాక్టర్లే. ఈ రాత వాటికి పనికిరాదు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, ఒత్తిడికి అంటుకునే గుణం ఇథనాల్‌కు (ఇది ఒక రకం ఆల్కహాల్) చాలా తక్కువ. పాత పెట్రోల్ ఫెర్గూసన్ లాంటి బండిని, కార్బొరేటర్ (ఇంధనాన్ని గాలిలో కలిపే భాగం) ఉన్న పాత పంపు ఇంజన్‌ను ఇంకా కాపాడుకుంటున్న వాళ్ల కోసం రాస్తున్నాను. కావలి దగ్గర మా షెడ్డులో అలాంటిదొకటి ఉంది. ఒక్క మాట ముందే చెప్పాలి: ఇంట్లో ఆల్కహాల్ కాయడం నేరం. అనుమతి ఉన్నచోట కొన్న ఇంధనమే వాడండి.

అరగంట బాగా నడిచి ఆగిపోతుంది
ఏళ్ల తరబడి ట్యాంకులో పేరుకున్న జిగురును ఇథనాల్ కరిగిస్తుంది. దాంతోపాటు తుప్పు కూడా ఊడివచ్చి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. ట్యాంకు దించి కడగండి. మొదటి వారం చేతిలో రెండు ఫిల్టర్లు అదనంగా ఉంచుకోండి.

లోడు పడగానే లాగదు, కార్బొరేటర్‌లో తుమ్ముతుంది, వేడెక్కుతుంది
ఎక్కువమంది ఇక్కడే విసుగెత్తి మళ్లీ పెట్రోల్‌కు పోతారు. ఆల్కహాల్‌లో బలం లేదంటారు. తప్పు ఆల్కహాల్‌ది కాదు, జెట్‌ది, అంటే కార్బొరేటర్‌లో ఇంధనం వెళ్లే సన్న రంధ్రపు ముక్కది. కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఒకటిన్నర రెట్లకు పైగా వెళ్లాలి. పెట్రోల్ జెట్‌తో నడిపితే మిశ్రమం పలచబడి, వాల్వులు కాలిపోయే ప్రమాదం ఉంది.

అనుమానం తీర్చుకోవడం తేలికే. లోడు మీద ఉండగా, గాలిని తగ్గించే చోక్ సగం లాగండి. ఇంజన్ పుంజుకుంటే ఇంధనం చాలడం లేదన్నమాట. ప్లగ్ విప్పితే తెల్లగా కనిపిస్తుంది. మెయిన్ జెట్ రంధ్రం వ్యాసాన్ని సుమారు పాతిక శాతం పెంచండి, 1 మిల్లీమీటరు ఉంటే 1.25. పాత జెట్ దాచిపెట్టి, కొత్త జెట్‌కే సన్న డ్రిల్లు వేయండి, కొద్దికొద్దిగానే. ఐడిల్ (లోడు లేకుండా మెల్లగా నడిచేటప్పటి) జెట్‌నూ మరవొద్దు. లీటరుకు వచ్చే పని తగ్గుతుంది, అది తప్పదు.

పొద్దున్నే స్టార్ట్ కాదు
ఇథనాల్ చల్లగా ఉంటే ఆవిరి కాదు. మా సంక్రాంతి చలి అంతంతమాత్రమే అయినా, తెల్లారుజామున తిప్పి తిప్పి చేతులు నొప్పెట్టాయి. చిన్న పెట్రోల్ డబ్బా, రెండు దారుల కాక్ (ఇంధనం మార్చే కుళాయి) పెట్టుకోండి. పెట్రోల్ మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక మార్చండి. ఆపే ముందు రెండు నిమిషాలు మళ్లీ పెట్రోల్ మీద నడిపితే కార్బొరేటర్‌లో ఆల్కహాల్ నిలవ ఉండదు, రేపటి స్టార్టింగ్ కూడా సులువు.

కార్బొరేటర్‌కు బయట చెమట పట్టి ఐడిల్ తడబడుతుంది
ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ పెట్రోల్ కంటే రెట్టింపు మించి వేడి లాగేస్తుంది. సైలెన్సర్ పక్కనుంచి వేడి గాలి ఎయిర్ క్లీనర్‌కు అందేలా రేకు గొట్టం అమర్చండి.

పైపులు మెత్తబడి కారుతున్నాయి
పాత రబ్బరు ఉబ్బుతుంది, కార్బొరేటర్‌లో తేలే ఫ్లోట్‌కు పూసిన పూత ఊడుతుంది. పైపులు, పంపు డయాఫ్రం (లోపలి సాగే పొర) ఆల్కహాల్‌కు ఆగే రకానివి వేయండి. దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు. ఆల్కహాల్ మంట పట్టపగలు కంటికి సరిగా కనపడదు.

ట్యాంకు అడుగున నీళ్లు
మనది సముద్రపు గాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పెట్రోల్‌తో కలిపి వాడితే, నీళ్లు ఎక్కువైనప్పుడు రెండూ విడిపోయి నీళ్లు, ఆల్కహాల్ అడుగుకు చేరతాయి. మూత బిగుతుగా పెట్టండి, వాడకం లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేయండి.

అన్నీ చేసినా ఊపు లేదు
జెట్ కుదిరాకే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముట్టుకోండి. కొద్దిగా ముందుకు జరిపితే చాలు. ఇథనాల్ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఎక్కువ కనుక నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకలాడటం, త్వరగా రాదు. ఈ పాత ఇంజన్ల కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 6:1 దరిదాపుల్లోనే ఉంటుంది, హెడ్ (సిలిండర్ పై మూత) గీయించి పెంచితే ఊపు వస్తుంది. క్రాంకు, బేరింగులు గట్టిగా ఉన్న ఇంజన్‌కైతేనే ఆ పని చేయించండి.