ఎండలోకి వెళ్లేముందు మాత్రల అట్ట ఒకసారి చూడండి

మొటిమలు తగ్గడానికని మా తమ్ముడికి డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. వేసుకున్న నాలుగో రోజే మిట్టమధ్యాహ్నం బైక్ మీద ఊరెళ్లి వచ్చాడు. రాత్రికల్లా రెండు చేతుల పైభాగం ఎర్రగా కమిలి, ముట్టుకుంటే భగ్గుమంది. వాచీ బెల్టు ఉన్నంత మేర మాత్రం చర్మం మామూలుగానే ఉంది. ఆ గీత చూశాకే ఇది ఎండ పని అని అర్థమైంది.

కొన్ని మందులు ఒంట్లో ఉండగా ఎండ తగిలితే చర్మం తొందరగా కాలిపోతుంది. ఇన్‌ఫెక్షన్లకిచ్చే సిప్రోఫ్లోక్సాసిన్, మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్ కూడా ఇలాంటివే. బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' ఉంటే అట్ట వెనక చూడండి, చాలావాటిలో హైడ్రోక్లోరోథయాజైడ్ అనే మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది. అదీ ఈ కోవలోదే. నొప్పులకు రాసుకునే కీటోప్రొఫెన్ జెల్‌తో మరీ జాగ్రత్త: వాడటం ఆపాక కూడా రెండు వారాలు ఆ చోట ఎండ పడకూడదు.

ఇవి వాడుతున్నన్నాళ్లూ ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా బయటి పనులు తగ్గించుకోండి. తప్పకపోతే ఫుల్ హ్యాండ్స్ చొక్కానో, చున్నీనో కప్పుకోండి. కప్పలేని చోట ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, రెండు గంటలకోసారి. దాని మీద 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అని ఉండాలి, అంటే ఎండలోని యూవీఏ, యూవీబీ కిరణాలు రెండింటి నుంచీ కాపాడేదని. కారు అద్దాలు ఎత్తేశాం కదా అని ధీమాగా ఉండొద్దు, యూవీఏ కిరణాలు పక్క అద్దంలోంచి కూడా వస్తాయి.

అలాగని భయపడి మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి, ముఖ్యంగా బీపీవి. చర్మం కమిలితే చల్లటి తడిగుడ్డ వేయండి. బొబ్బలొస్తే మాత్రం ఆ అట్ట చేత పట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.