బంతిని వదిలేసి 99ని చూడండి: ఒక డిఫెన్సివ్ లైన్‌మన్ కెరీర్ చదవడం ఎలా

కొత్తగా అమెరికా వచ్చి ఆదివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ పెట్టుకున్న మనవాళ్లు పది నిమిషాలకే విసుక్కుంటారు. ‘‘ఇంతసేపూ ఆగడమేనా, ఆడేదెప్పుడు?’’ అంటారు. విసుగు రాకేం చేస్తుంది మరి! కళ్లు బంతి వెంట పడతాయి. అది ఎవరి చేతిలో ఉందో పోల్చుకునేలోపు అందరూ కుప్పగా పడి ఉంటారు. మళ్లీ లేచి, నిలబడి, మంతనాలాడి... అప్పటికి మనం ఫోన్ తీసేసి ఉంటాం.

నేనుండేది పిట్స్‌బర్గ్ తూర్పు శివారులో. ఇక్కడ ఫుట్‌బాల్ తెలియకపోతే సోమవారం పొద్దున ఆఫీసులో నోరు మూసుకుని కూర్చోవాలి. నాకు ఆట నేర్పింది మా పక్కింటి పెద్దాయన, స్టీలు మిల్లులో చేసి రిటైరైన మనిషి. ఆయన చెప్పిన ఉపాయం ఇంతే: బంతి సంగతి మర్చిపో, మధ్యలో నేలకి చెయ్యి ఆనించి వంగి ఉన్న భారీ మనుషుల్లో ఒకణ్ని పట్టుకో, ఆట అయ్యేదాకా వాణ్ని వదలకు. నేనూ ఇప్పుడు అడిగినవాళ్లకి అదే చెబుతున్నాను. దానికి నా వంతుగా ఇంకొకటి కలుపుతున్నాను. ఒక్క ఆటతో ఆపకండి, ఒక మనిషి కెరీర్ మొత్తం అలాగే చూడండి. రూల్స్ పుస్తకం తెరవకుండానే సగం ఆట వచ్చేస్తుంది.

ఎవర్ని పట్టుకోవాలి

మొదటిసారికి ఇప్పుడు ఆడుతున్నవాళ్ల జోలికి పోకండి. ఆట ముగించి ఇంటికి వెళ్లిపోయినవాణ్ని తీసుకుంటే మొదలూ చివరా రెండూ కనిపిస్తాయి. నా ఓటు ఆరన్ డొనాల్డ్‌కి, బంతి ఉన్న జట్టుని ముందుకి పోనీకుండా ఆపే వరసలో వంగి ఉండే డిఫెన్సివ్ లైన్‌మన్, చొక్కా మీద నంబరు 99. 1991 మే 23న పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు, పెన్ హిల్స్ హైస్కూల్లో ఆడాడు. పెన్ హిల్స్ అంటే తెలుగువాళ్లకి వేరే గుర్తు చెప్పక్కర్లేదు, కొండమీద మన వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరే. గుడిలో పులిహోర కోసం క్యూలో నిలబడ్డవాళ్లని ఎప్పుడైనా అడిగి చూడండి, తిరుమల లడ్డూకీ ఇక్కడి లడ్డూకీ తేడా చెప్పగలరు గానీ ఈ ఊరి కుర్రాడి పేరు చెప్పేవాళ్లు తక్కువ.

అతని చిన్నతనం గురించి తెలుసుకోవాల్సింది ఒకటే. తండ్రి ఆర్చీ ఇంటి బేస్‌మెంట్‌లో బరువులు పెట్టి చిన్న జిమ్ చేశాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి తండ్రీకొడుకులు అందులోకి దిగేవాళ్లు, స్కూలు బస్సు వచ్చేది ఆ తర్వాత. ఐఐటీ కోచింగ్ కోసం పిల్లల్ని అదే వేళకి లేపిన ఇళ్లనుంచి వచ్చినవాళ్లం కాబట్టి ఇది మనకి వింతగా ఉండదనుకుంటాను.

తర్వాత ఊళ్లోనే పిట్ యూనివర్సిటీ. 2013 సీజన్లో 11 శాక్‌లు, అంటే బంతి విసరబోతున్న క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పదకొండుసార్లు పడేశాడు. రన్నర్లనీ కలుపుకుంటే ఎదుటి జట్టుని ఉన్నచోటి నుంచి వెనక్కి నెట్టిన టాకిల్స్ 28.5. (ఇద్దరు కలిసి పడేస్తే చెరి సగం వేస్తారు, ఆ అర అక్కడిది.) కాలేజీ ఆటగాళ్లకిచ్చే ఔట్‌లాండ్, లొంబార్డి, నగుర్‌స్కీ, బెడ్నరిక్ అవార్డులు నాలుగూ ఆ ఏడాదే వచ్చాయి.

అయినా 2014 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే తంతు) అతని ముందు పన్నెండుమందిని ఎంచుకున్నారు. కారణం ఎత్తు. ఆరడుగుల ఒక అంగుళం మనకి ఆజానుబాహువే గానీ, ఆ చోట ఆడేవాళ్లలో పొట్టివాడి కింద లెక్క. 285 పౌన్లు, అంటే దాదాపు 129 కిలోలు. ఆ బరువుతో 40 గజాలు 4.68 సెకన్లలో పరిగెత్తాడు. చివరికి 13వ నంబరుతో సెయింట్ లూయిస్ రామ్స్ తీసుకుంది. తమాషా ఏమిటంటే అదే రామ్స్ అదే రాత్రి 2వ నంబరు అవకాశాన్ని వేరే ఆటగాడి మీద పెట్టింది. ఏ లైన్‌మన్ కథ చదివినా ఈ డ్రాఫ్ట్ నంబరు దగ్గర కాసేపు ఆగండి. నిపుణులు దేన్ని చూసి భయపడ్డారో అక్కడే తెలుస్తుంది.

స్నాప్‌కి ముందు

ఇక పాత ఆట ఒకటి పెట్టుకోండి, రామ్స్‌ది, 2018 సీజన్ అయితే మరీ మంచిది. 99 నంబరుని వెతకండి. బంతి ఉన్న జట్టుకి ముందు వరసలో అయిదుగురుంటారు: మధ్యలో సెంటర్, అతనికి చెరోపక్క గార్డులు, వాళ్ల పక్కన టాకిల్స్ (ఇక్కడ ఇది స్థానం పేరు, పడేయడం కాదు). డొనాల్డ్ ఎక్కువగా గార్డు బయటి భుజానికి ఎదురుగా వంగి ఉంటాడు. కోచ్‌లు ఆ చోటుని త్రీ టెక్నిక్ అంటారు. గార్డుకీ టాకిల్‌కీ మధ్య ఉన్న సందు అతని సొత్తు. అందులోంచి దూరితే క్వార్టర్‌బ్యాక్‌కి అదే దగ్గరి దారి.

టీవీ కెమెరా స్నాప్ అవగానే, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టగానే, బంతి వెంట పోతుంది, కాబట్టి మీ కన్ను ముందే అతని మీద ఉండాలి. రీప్లే వస్తే, ముఖ్యంగా గోల్‌పోస్టుల వెనకనుంచి చూపించేది వస్తే, అస్సలు వదలకండి. లైన్‌మన్ ఆట నిజంగా కనిపించేది అందులోనే.

మా పెద్దాయన దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు బాగా నచ్చింది గార్డు చెయ్యి చూడటం. నేలకి ఆనించిన వేళ్ల మీద బరువంతా వేసి, కణుపులు తెల్లబడేలా వంగి ఉంటే సాధారణంగా ముందుకి దూకబోతున్నాడని అర్థం, అంటే రన్, బంతి పట్టుకుని పరిగెత్తడం. వేళ్లు ఊరికే తగిలీ తగలనట్టు ఉండి, బరువు మడమల మీద ఉంటే వెనక్కి జరగబోతున్నాడు, అంటే పాస్, బంతి విసరడం. డిఫెన్సివ్ లైన్‌మన్ ఆ రెండు క్షణాల్లో చూసేవాటిలో ఇదొకటి. పెద్ద టీవీ ఉంటే మనకీ కనిపిస్తుంది. మొదటిసారి మీ జోస్యం నిజమైనప్పుడు సోఫాలోంచి లేస్తారు, చూడండి.

తర్వాత స్నాప్. క్వార్టర్‌బ్యాక్ గొంతు చించుకుని ఏవేవో అంకెలూ పేర్లూ అరుస్తాడు. ఎన్నో కేకకి బంతి కదులుతుందో అతని జట్టుకి తెలుసు, ఎదుటివాళ్లకి తెలియదు. కబడ్డీలో కార్నర్‌లో నిలబడ్డవాడు రైడర్ కూత పట్టించుకోకుండా కాలు చూసినట్టే, ఇతనూ ఆ కేకలు చెవినబెట్టకుండా బంతినే చూడాలి. కేకకి మోసపోయి ముందే గీత దాటితే అయిదు గజాల పెనాల్టీ. డొనాల్డ్ మొదటి అడుగు చాలాసార్లు బంతితోపాటే కదిలినట్టుంటుంది. స్లో మోషన్లో ఆపి చూసినా ఆ గార్డు ఇంకా లేస్తూనే ఉంటాడు.

చేతులు, భుజాలు

ఇక్కడ తొందరపడకండి. ఒక్కో ప్లే మూడునాలుగుసార్లు వెనక్కి తిప్పి చూడటానికి ఇష్టపడేవాళ్లకే ఈ భాగం.

గార్డు పని రెండు చేతులతో లైన్‌మన్ ఛాతీని దొరకబుచ్చుకోవడం. దొరికిందా, ఇక పని అయిపోయినట్టే. కాబట్టి లైన్‌మన్ ఆటంతా ఆ చేతుల్ని తన మీద పడనీకపోవడంలో ఉంది. డొనాల్డ్ తరచూ చేసేది ఇలా ఉంటుంది: బయటికి పోతున్నట్టు ఒక అడుగు వేస్తాడు, గార్డు చెయ్యి చాస్తాడు, ఆ చేతిని అవతలి చేత్తో అడ్డంగా నరికినట్టు కిందికి కొడతాడు, వెంటనే ఇవతలి చెయ్యి గార్డు చంకకింద నుంచి పైకి లాగుతూ పక్కకి దాటేస్తాడు. రాయడానికి ఇంత పట్టింది గానీ జరగడానికి ఒక సెకను పట్టదు. నేరుగా ఛాతీలోకి గుద్ది వెనక్కి నెట్టుకుపోయే బుల్ రష్ కూడా ఉంది. అక్కడే ఆ ‘పొట్టి’తనం అక్కరకొచ్చింది. రెండు జతల భుజాలు ఢీకొన్నప్పుడు కిందినుంచి తగిలినవాడిదే పైచేయి.

పాతరోజుల్లో తలమీద అరచేత్తో కొట్టి దాటేవాళ్లు. రామ్స్‌కే ఆడిన డీకన్ జోన్స్ అందులో మహా దిట్ట. 1977లో దాన్ని నిషేధించారు. మంచిపని చేశారు.

ఇప్పుడు అసలు లెక్క: ప్రతి ప్లేకీ అతని మీద ఎంతమంది పడ్డారో వేళ్లమీద లెక్కపెట్టండి. గార్డు ఒక్కడే ఉంటే మామూలు. సెంటర్ కూడా అటే తిరిగితే డబుల్ టీమ్. ఒక్కోసారి రన్నింగ్ బ్యాక్ కూడా వచ్చి మూడోవాడవుతాడు. ఇతని మీద ఇద్దరున్నారంటే పక్కన ఇంకో డిఫెండర్‌కి దారి ఖాళీ అన్నమాట. ఆ పక్కవాడి పేరు మర్నాడు వార్తల్లో వస్తుంది, ఇతని పేరు రాదు.

అంకెల్ని ఎంతవరకు నమ్మాలి

ఇద్దరేసి అడ్డం పడుతున్నా అతను 2018లో 20.5 శాక్‌లు చేశాడు. లోపలి వరసలో ఆడేవాడు ఒక సీజన్లో అన్ని చేయడం అదే మొదలు. పదేళ్ల కెరీర్లో మొత్తం 111. డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ మూడుసార్లు: 2017, 2018, 2020. ఆడిన పది సీజన్లలోనూ, ఏటా మేటి ఆటగాళ్లని ఎంచే ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. చరిత్రలో ఇంకా ఎక్కువ శాక్‌లున్నవాళ్లున్నారు, బ్రూస్ స్మిత్‌వి 200. ఆ పెద్ద సంఖ్యల్లో ఎక్కువభాగం అంచుల్లో ఆడినవాళ్లవి. వాళ్లకి పరిగెత్తడానికి చోటుంటుంది, మధ్యలోవాడికి గుంపే ఉంటుంది. ఇంకోమాట, ఆటగాళ్ల శాక్‌లని ఎన్‌ఎఫ్‌ఎల్ (ఈ ప్రొఫెషనల్ జట్ల లీగ్) అధికారికంగా లెక్కపెట్టింది 1982 నుంచే. కాబట్టి మా పిట్స్‌బర్గ్ స్టీలర్స్ పాత వీరుడు జో గ్రీన్‌ని శాక్ పట్టికలో పెట్టి పోల్చేవాళ్లతో వాదనకి దిగకండి.

అంకెలకి అందనిది చూడాలంటే 2022 ఫిబ్రవరి 13 నాటి సూపర్ బౌల్ (సీజన్ ఫైనల్) చివరి నిమిషం పెట్టుకోండి. రామ్స్ 23, బెంగాల్స్ 20. బంతి బెంగాల్స్ దగ్గరే ఉంది, మూడో డౌన్ (పది గజాలు సాగడానికి నాలుగు ప్రయత్నాలు, ఇది మూడోది), ఒక్క గజం కావాలి. రన్నర్ మధ్యలోకి వస్తాడు, డొనాల్డ్ పట్టుకుని ఆపేస్తాడు. నాలుగో డౌన్, అదే ఒక్క గజం. ఈసారి పాస్. డొనాల్డ్ గార్డుని దాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ జో బరో నడుం పట్టుకుని గిరగిరా తిప్పుతాడు. బరో పడిపోతూ బంతిని ఎటో విసిరేస్తాడు, అది నేలమీద పడుతుంది. గడియారంలో 39 సెకన్లు. డొనాల్డ్ హెల్మెట్ తీసేసి ఉంగరం వేలు చూపిస్తూ తిరుగుతుంటాడు.

స్కోరు పుస్తకంలో ఆ ప్లే పక్కన రాసింది ఏమిటో తెలుసా? ఇన్‌కంప్లీట్ పాస్. బంతి చెయ్యి దాటింది కాబట్టి శాక్ కాదు. ఆ రోజు రెండు శాక్‌లు అంతకుముందే చేశాడు గానీ ఎవరికీ అవి గుర్తుండవు. ఎంవీపీ, అంటే ఆ ఆటలో ఉత్తమ ఆటగాడి అవార్డు, కూడా బంతులు పట్టిన కూపర్ కప్‌కి ఇచ్చారు. కప్ ఆడలేదని కాదు, ఆ చివరి రెండు ప్లేలు చూసినవాళ్లు మాత్రం నా పక్షానే ఉంటారు.

జీతం కాగితం

కాంట్రాక్టు వార్తల్లో పెద్ద అంకె చూసి గుడ్లు తేలేయకండి, గ్యారంటీ ఎంతో చూడండి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కాంట్రాక్టు మధ్యలో ఆటగాణ్ని తీసేస్తే గ్యారంటీ లేని సొమ్ము గాలికి పోతుంది. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడికి మొదటి నాలుగేళ్ల జీతం అతని నంబరుని బట్టి దాదాపు ముందే ఖాయం. 2017లో డొనాల్డ్‌కి రావాల్సింది సుమారు 18 లక్షల డాలర్లు, అతని ఆట స్థాయికి అది చిల్లర. శిక్షణ శిబిరానికి వెళ్లకుండా భీష్మించుకున్నాడు, మొదటి ఆట ఆడలేదు. తర్వాత తిరిగొచ్చి ఆడి ఆ ఏడాదే ఉత్తమ డిఫెండర్ అనిపించుకున్నాడు. 2018 ఆగస్టు 31న ఆరేళ్లకి 13.5 కోట్ల డాలర్ల ఒప్పందం, అందులో 8.7 కోట్లు గ్యారంటీ. అప్పటికి ఏ డిఫెండర్‌కీ అంత లేదు. ఆ రికార్డు ఒక్కరోజే నిలిచింది, మర్నాడే ఖలీల్ మ్యాక్ 14.1 కోట్లకి సంతకం పెట్టాడు.

ఒళ్లు, తల

మీ అబ్బాయి లైన్‌లో ఆడతానంటే ఇది చదవండి. ఈ చోట ఆడేవాడికి ప్రతి ప్లేలోనూ ఢీ తప్పదు. 2022లో చీలమండ దెబ్బకి డొనాల్డ్ సీజన్ చివరి ఆరు ఆటలూ ఆడలేదు. మోకాళ్లూ చీలమండలూ బాగుచేసుకోవచ్చు, తల సంగతి అలా కాదు. స్టీలర్స్ సెంటర్ మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభయ్యేళ్లకే చనిపోతే, ఇదే పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ బెన్నెట్ ఒమాలు అతని మెదడుని పరీక్షించి తలకి పదేపదే తగిలే దెబ్బలతో మెదడుకొచ్చే సీటీఈ అనే జబ్బు గుర్తించాడు. 2017లో వచ్చిన బోస్టన్ యూనివర్సిటీ పరిశోధనలో 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 110 మందికి అది కనిపించింది. లక్షణాలు చూసి అనుమానంతో దానం చేసినవి వాటిలో చాలా ఉంటాయి కాబట్టి ఆడినవాళ్లందరికీ వస్తుందని అర్థం కాదు. కానీ బతికుండగా ఖాయంగా తేల్చే పరీక్ష లేదు. అందుకే పిల్లలకి కొన్నేళ్లపాటు ఢీకొట్టుకోని ఫ్లాగ్ ఫుట్‌బాల్ చాలనే వైద్యుల వాదన వైపే నేనుంటాను. హైస్కూల్ కోచ్‌ని అడగాల్సింది: వారానికి ఎన్ని రోజులు ఒంటికి ఒళ్లు తగిలే ప్రాక్టీసు? తలకి దెబ్బ తగిలితే మళ్లీ ఆడొచ్చని చెప్పేదెవరు, డాక్టరా, ఆయనేనా?

డొనాల్డ్ 2024 మార్చి 15న రిటైరయ్యాడు, ముప్ఫై రెండేళ్లకి. కాంట్రాక్టు ఇంకో ఏడాది ఉంది, అంతకుముందు సీజన్లో మళ్లీ ఆల్-ప్రో (ఆ ఏడాది మేటి ఆటగాళ్ల జాబితా) మొదటి జట్టులో ఉన్నాడు. అయినా చాలనుకున్నాడు.

ఇక మిగిలింది హాల్ ఆఫ్ ఫేమ్, ఆటలో మహామహుల్ని గౌరవించే చోటు. ఆట మానేసిన అయిదేళ్లకి గానీ పేరు పరిశీలనకి రాదు, అంటే 2029 బృందం. అది ఒహాయోలోని క్యాంటన్‌లో ఉంది, మా పిట్స్‌బర్గ్ నుంచి కారులో రెండుగంటల లోపే. వేడుక ఆగస్టులో జరుగుతుంది, ఆ వారం హోటల్ గదులు దొరకవు. వచ్చేవాళ్లు మా ఊళ్లోనే దిగండి. ముందురోజు సాయంత్రం గుడికి తీసుకెళ్తాను, దారిలో పెన్ హిల్స్ హైస్కూల్ కూడా చూడొచ్చు.