నులిపురుగుల మందు వేశాక మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి?

ఫిబ్రవరి 10న అంగన్‌వాడీలో మాత్ర వేయించేశాం, అయినా మావాడు రాత్రంతా కింద గోక్కుంటున్నాడు, మాత్ర పనిచెయ్యదేటి? చీపురుపల్లి వైపు ఏ ఊరెళ్లినా తల్లులు ఇదే అడుగుతారు. మాత్ర పనిచేస్తుందమ్మా, ఇంట్లో చెయ్యాల్సిన పనే మిగిలిపోతోంది.

మాత్ర సంగతి తేలికే. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, రెండేళ్లు దాటినోళ్లకి ఒకటి, ఏడాది నుంచి రెండేళ్ల లోపోళ్లకి సగం, పొడిచేసి నీళ్లలో కలిపి పట్టాలి. పెద్ద పిల్లలు నమిలి మింగాలి. ఒంట్లో బాలేకపోతే ఆరోజు వద్దు, గర్భిణీలు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు.

అందరూ పాడుచేసేది ఆ తర్వాతే. ఈ మందు రాత్రి దురద పెట్టే నులిపురుగుని (పిన్‌వార్మ్) చంపుతుంది గానీ దాని గుడ్డుని చంపదు. పిల్లాడు నిద్రపోయాక ఆడపురుగు బయటికొచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది, దురదకి గోక్కుంటాడు, గుడ్లు గోళ్లలో ఇరుక్కుంటాయి, పొద్దున్నే అదే చేత్తో చద్దన్నం తింటాడు. దుప్పట్లో, చెడ్డీలో పడ్డవి రెండు మూడు వారాలు బతికుంటాయి. అందుకే రెండు వారాలకి రెండో డోసు వేసి తీరాలి. అది కూడా ఆ ఒక్కడికే కాదు, పక్కన పడుకునే అక్కకి, మామ్మకి, దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరికీ ఒకేరోజు.

మందేసిన మర్నాడు లేవగానే నడుం కింద సబ్బుతో కడగండి, సాయంత్రం స్నానం చేయిద్దాంలే అనుకోవద్దు, రాత్రి పెట్టిన గుడ్లు పొద్దున్నే పోవాలి. గోళ్లు మొదలుకంటా కత్తిరించాలి. దుప్పటి మాత్రం దులపొద్దు, దులిపితే గుడ్లు గదంతా పడతాయి, మెల్లగా చుట్టి పట్టుకెళ్లి బాగా వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి ఎండలో ఆరెయ్యండి. వాషింగ్ మిషన్లో చన్నీళ్లతో తిప్పేస్తే నేనొప్పుకోను, బకెట్లో వేడినీళ్లే.

బెల్లం మాన్పిస్తే చాలని, వేపాకు ముద్ద మింగిస్తే చాలని చెప్పేవాళ్లున్నారు. బెల్లంలోంచి పురుగులు పుట్టవు, గుడ్డు నోట్లోకెళ్తేనే వస్తాయి, పాపం పిల్లాడి నోరు కట్టెయ్యడం ఎందుకు?

అన్ని పురుగులూ ఒకటి కాదు. పలాస వైపు జీడితోటల్లో చెప్పుల్లేకుండా తిరిగితే పట్టుకునే కొంకిపురుగు పాదం చర్మంలోంచి దూరుతుంది, దానికి దుప్పట్లు ఉతికి లాభం లేదు, చెప్పులు వెయ్యాలి, మరుగుదొడ్డి వాడాలి. కొరడాపురుగని (విప్‌వార్మ్) ఇంకో పేగుపురుగు ఉంది, దానికి ఒక్క మాత్ర చాలాసార్లు సరిపోదు, మూడు రోజులు వరసగా రాస్తారు డాక్టర్లు.

రెండో డోసు తర్వాత కూడా దురద తగ్గకపోతే మూడోది మీరే వేసెయ్యకండి. మల పరీక్షలో నులిపురుగు గుడ్లు తరచూ కనపడవు. పొద్దున్న కడగకముందే సెల్లోటేపు ముక్క జిగురువైపు మలద్వారం దగ్గర అద్ది, గాజు పలక మీద అంటించి పీహెచ్‌సీ ల్యాబ్‌కి పట్టుకెళ్లండి.