ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె కారుతుంటే ఇంటి వద్ద చేయదగిన పరీక్ష, మరమ్మతు

సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా సెమిలిగూడ, కోరాపుట్‌లకు ఎక్కే ఘాట్ రోడ్డులో లారీల వెనుక నెమ్మదిగా సాగేటప్పుడు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ చాలా వేడిని పుట్టిస్తుంది. ఆ వేడికి ఏళ్ల తరబడి గురైన రబ్బరు సీళ్లు గట్టిపడి, పట్టు కోల్పోయి, నూనెను వదలడం మొదలుపెడతాయి. మన వైపు ఇంటి ముందు నేల ఎర్రమట్టి, కొత్త గేర్‌బాక్స్ నూనె రంగు కూడా ఎరుపే కనుక, మరక కంటపడేసరికి చాలా నూనె పోయి ఉండవచ్చు. అందుకే రాత్రి కారు నిలిపేటప్పుడు ఇంజిన్ కింద ఒక తెల్లని అట్ట పరచి, తెల్లవారి చూడడం మంచిది.

ముందుగా మీ బండి ఏ రకమో యజమాని పుస్తకంలో చూడండి. చిన్న కార్లలో ఎక్కువగా కనిపించే ఏఎంటీ నిజానికి క్లచ్చి పనిని, గేరు మార్పును యంత్రమే చేసే మాన్యువల్ గేర్‌బాక్స్, అందులో ఉండేది మాన్యువల్ గేర్ నూనె. మెట్లుగా గేర్లు లేకుండా బెల్టు లేదా గొలుసుతో వేగం మార్చే సీవీటీకి దాని ప్రత్యేక నూనె ఉంటుంది. ఒకదాని బదులు మరొకటి పోస్తే లీకు కంటే పెద్ద నష్టం జరుగుతుంది.

అట్ట మీది చుక్క ఎర్రగా లేదా వాడకం వల్ల గోధుమ రంగులోకి తిరిగి ఉంటే అది గేర్‌బాక్స్ నూనె కావచ్చు. పవర్ స్టీరింగ్‌లోనూ ఇదే నూనె వాడే కార్లున్నాయి కాబట్టి ఆ డబ్బా మట్టం కూడా చూడాలి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, పచ్చగానో గులాబీ రంగులోనో నీళ్లలా పలుచగా ఉంటే కూలెంట్, రంగు లేకుండా ఉంటే ఏసీ నీళ్లు అయ్యే అవకాశం ఎక్కువ.

నూనె రాలిన చోటు, కారిన చోటు ఒకటి కావు. బండి నడుస్తున్నప్పుడు గాలి నూనెను వెనక్కి తోస్తుంది, అది పాన్ (గేర్‌బాక్స్ అడుగున నూనె నిలిచే తొట్టి) అంచు వెంట పాకి అన్నిటికన్నా కింద ఉన్న బోల్టు నుంచి రాలుతుంది. ఈ ఒక్క విషయం మరచిపోయి చాలామంది బాగున్న గాస్కెట్‌ను (పాన్ అతుకులోని ప్యాకింగ్‌ను) మారుస్తారు. కనుక చల్లారిన గేర్‌బాక్స్‌ను డీగ్రీజర్‌తో, గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరనిచ్చి, అనుమానమున్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడరును పలుచగా చల్లి, పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి చూడండి. పౌడరు మొదట ఎక్కడ తడిసిందో, అన్నిటికన్నా పైనున్న ఆ తడే అసలు చోటు.

కారు కిందికి వెళ్లే ముందు చదునైన గట్టి నేల చూసుకోండి. కొండవాలు ఇళ్ల ముందు వాకిళ్లు ఏటవాలుగా ఉంటాయి, అక్కడ ఈ పని పెట్టుకోకూడదు. చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరితే ప్రాణాపాయం.

డ్రెయిన్ ప్లగ్ దగ్గర తడి ఉంటే కొత్త వాషర్‌తో సరిపోతుంది. నూనెను చల్లబరచడానికి రేడియేటర్‌కు వెళ్లే కూలర్ పైపు పగిలితే గేర్‌బాక్స్ నూనెకు తగిన పైపే వేయాలి, సాధారణ నీళ్ల పైపు ఉబ్బి ఊడిపోతుంది. పాన్ గాస్కెట్ అయితే, గోరువెచ్చగా ఉన్నప్పుడు నూనె దించి, ఎంత వచ్చిందో కొలిచి పెట్టుకోండి. పాన్‌లోని అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తని పొడి సహజం, లోహపు ముక్కలు కనిపిస్తే లోపల అరుగుదల ఉన్నట్టే. పాత ప్యాకింగ్‌ను అల్యూమినియం ముఖం గీసుకుపోకుండా ప్లాస్టిక్ పలకతో తీసి, వంగిన పాన్ అంచును సరిచేసి, కొత్తది అమర్చి, బోల్టులను ఒకదానికి ఎదురుగా మరొకటి చొప్పున రెండు మూడు విడతల్లో బిగించాలి. చాలా కార్లలో ఈ బిగింపు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది, మీ బండి సర్వీస్ పుస్తకం చెప్పిన అంకే చివరి మాట. గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనుకోవడం పొరపాటు: అంచు వంగి, కొత్త గాస్కెట్ కూడా కారుతుంది.

తరువాత, దించినంత నూనెనే, యజమాని పుస్తకం చెప్పిన రకాన్నే పోయండి. మట్టం కొలిచే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ ఉన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజిన్ వేడెక్కి నడుస్తుండగా, లీవర్‌ను అన్ని స్థానాలకూ తిప్పి పార్కులో పెట్టి కొలవాలి. డిప్‌స్టిక్ లేని కార్లలో నూనె నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉండగా, నాలుగు చక్రాలూ సమమట్టంలో ఉంచి, మట్టం ప్లగ్ తెరచి చూడాలి. ఈ పనిని లిఫ్ట్ ఉన్న జయపురం లేదా రాయగడ వర్క్‌షాపుకు అప్పగించడమే నా సలహా. మట్టం ఎక్కువైతే నూనె నురగకట్టి, గేర్‌బాక్స్‌కు గాలి ఆడే బ్రీదర్ గొట్టం గుండా పైకి వస్తుంది, దాన్ని చూసి లీకు మళ్లీ మొదలైందని భ్రమపడతాం.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద నుంచి కారుతుంటే టార్క్ కన్వర్టర్ సీలు పోయి ఉండవచ్చు. దానికి గేర్‌బాక్స్‌నే దించాలి కనుక ఇంట్లో ప్రయత్నించవద్దు. కూలెంట్ డబ్బాలో గులాబీ రంగు పాలలాంటి ద్రవం కనబడితే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడినట్టు అనుమానించి, బండిని నడపకుండా మెకానిక్‌ను పిలిపించండి.

దించిన పాత నూనెను నాగావళి వైపు పోయే కాలువలో పోయకుండా మూత బిగించిన డబ్బాలో నింపి, వాడిన నూనె తీసుకునే వర్క్‌షాపుకు ఇవ్వండి. వారం తరువాత అదే అట్టను మళ్లీ పరచి, మట్టాన్ని మరోసారి చూసుకున్నాకే ఘాట్ ఎక్కండి.