రంగు కన్నా ముందు వెలుగు చూడండి

వెబ్‌సైట్‌కో యాప్‌కో రంగులు కావాలంటే అందరూ ముందు కలర్ వీల్ (రంగుల చక్రం) తెరుస్తారు. నేనైతే ఒక మంచి కలంకారీ గుడ్డ తెచ్చుకుని పగటి వెలుతురులో ఫోటో తీయమంటాను. కరక్కాయ, పాలల్లో తడిపిన ఆ గుడ్డ తెల్లగా ఉండదు, లేత మీగడ రంగులో ఉంటుంది, దాని మీద ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నల్లటి గీతలు, మధ్యలో ఎరుపు, అక్కడక్కడా నీలం. ఎక్కువ చోటు మీగడ రంగుదే. స్క్రీన్ మీదా అంతే: నూటికి దాదాపు 60 పాళ్లు బ్యాక్‌గ్రౌండ్, 30 రెండో రంగు, మిగిలిన 10 బటన్లకు. ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు గానీ, బటన్ రంగును మాత్రం ఇంకెక్కడా వాడకండి.

అసలు తేడా కొట్టేది వెలుగు దగ్గర. పచ్చళ్లు అమ్మే మా పిన్నికి పేజీ చేసినప్పుడు తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ధరలు పసుపులో పెట్టాను, లాప్‌టాప్‌లో బాగానే అనిపించింది. పిన్ని వాకిట్లో ఎండలో నిలబడి ఫోన్ చూసి "ధర ఎక్కడ రాశావురా?" అంది. రంగును హ్యూ (ఏ రంగు), శాచురేషన్ (ఎంత గాఢం), లైట్‌నెస్ (ఎంత లేత) అనే మూడు అంకెలతో చెప్పే హెచ్ఎస్ఎల్‌లో చూస్తే స్వచ్ఛమైన పసుపుకీ నీలానికీ లైట్‌నెస్ ఒకటే, 50 శాతం. కానీ కంటికి ఆనే వెలుగు తేడా, అంటే కాంట్రాస్ట్, తెలుపు మీద నీలానిది 8.59, పసుపుది 1.07 మాత్రమే! మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3 చాలు.

పసుపును వదులుకోలేదు. హ్యూ 40 దగ్గరే ఉంచి, లైట్‌నెస్ 25కి దించాను, ముదురు ఆవాల రంగు వచ్చింది, తెలుపు మీద కాంట్రాస్ట్ 6 దాటింది. ధరలు అందులో రాసి, అసలు పసుపును బటన్ వెనక్కి పంపి, దాని మీద నల్లటి అక్షరాలు పెట్టాను.

మీరూ ఇలాగే ఒక్క హ్యూ తీసుకుని ముందు లేత నుంచి ముదురు దాకా నాలుగైదు మెట్లు చేసుకోండి, రెండో రంగు సంగతి తర్వాత. బూడిద రంగుల్లోనూ అదే హ్యూ 5 నుంచి 10 శాతం శాచురేషన్‌తో కలపండి, పేజీ అంతా ఒక ఇంటి మనుషుల్లా కలిసిపోతుంది. సరుకు ఉందో లేదో ఆకుపచ్చ, ఎరుపు చుక్కలతోనే చెప్పకండి, ఆ రెండిటికీ తేడా తెలియని కళ్లు చాలానే ఉన్నాయి, పక్కన మాట కూడా రాయండి.

చివరగా స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. అప్పుడు బటన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే, మళ్లీ లైట్‌నెస్ దగ్గరికే వెళ్లండి.