పాశ్చాత్య బృందగానంలో గొప్ప కృతులను, వాటి మేలైన రికార్డింగులను ఎంచుకోవడం ఎలా?

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని బృందగానాన్ని, అంటే కోరల్ సంగీతాన్ని వినాలనుకునేవారు సాధారణంగా చేసే మొదటి పని ‘ఉత్తమ కోరల్ సంగీతం’ వంటి పేరున్న ప్లేలిస్టును తెరవడం. అందులో హాండెల్ ‘మెసయ్య’ నుంచి ఒక కోరస్, మోజార్ట్ ‘రిక్వియం’ (మృతుల కోసం చేసే ప్రార్థనకు రాసిన కృతి) నుంచి మూడు నిమిషాల ముక్క, వెర్డి ‘రిక్వియం’ నుంచి పిడుగులు కురిసే భాగం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వేర్వేరు శతాబ్దాల కృతులు ఇలా ముక్కలై కలిసిపోయేసరికి, కొద్ది రోజుల్లోనే అన్నీ ఒకే తీరుగా ఉన్నాయని అనిపించి వినడం మానేస్తారు. ఈ దారిలో వెళ్లి విసిగిపోయినవారిని ఎందరినో చూశాను కనుక, సరైన క్రమాన్ని వివరంగా రాస్తున్నాను. వినవలసిన కృతి ఏదో తెలుసుకోవడం సులువు. ఆ కృతికి ఉన్న పదుల కొద్దీ రికార్డింగుల్లో దేనిని వినాలో తేల్చుకోవడమే కష్టం, కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

కావలసినవి

తీగ ఉన్న మంచి హెడ్‌ఫోన్లు, నెలవారీ చందాతో నడిచే ఏదైనా సంగీత యాప్, ఒక నోటుపుస్తకం, ఒక తెలుగు బైబిలు ఉంటే చాలు. యాప్ సెట్టింగుల్లో షఫుల్, క్రాస్‌ఫేడ్, ఆటోప్లే మూడింటినీ ఆపివేయాలి. పాటలన్నింటినీ ఒకే ధ్వనిస్థాయికి తెచ్చే సెట్టింగునూ ఆపివేయాలి, ఎందుకంటే ఈ సంగీతంలో గుసగుసకూ గర్జనకూ మధ్య ఉండే దూరాన్ని స్వరకర్త ఉద్దేశించి రాశాడు. మొదటిసారి వినేటప్పుడు వీడియో చూడకూడదు. కళ్లు కండక్టరు, అంటే బృందాన్ని నడిపించే వ్యక్తి, చేతుల మీద ఉంటే చెవులు సగమే పనిచేస్తాయి.

ముందుగా సాహిత్యం

మాస్ అనే ప్రార్థనా కృతిలో సాధారణంగా ఐదు భాగాలు ఉంటాయి: కీరియే, గ్లోరియా, క్రేదో, సాంక్తుస్, ఆగ్నుస్ దేయీ. ఈ ఐదింటి అర్థాన్ని ఒక్కసారి చదివి పెట్టుకుంటే 16వ శతాబ్దపు పాలెస్ట్రీనా నుంచి 20వ శతాబ్దపు స్ట్రావిన్‌స్కీ వరకు అదే సాహిత్యం పనికి వస్తుంది. అల్లెగ్రి ‘మిసెరేరే’కు సాహిత్యం తెలుగు బైబిలులోని 51వ కీర్తన. బ్రామ్స్ ‘జర్మన్ రిక్వియం’లో మాటలన్నీ లూథర్ జర్మన్ బైబిలు అనువాదం నుంచి బ్రామ్స్ స్వయంగా ఏరుకున్నవి. మొదటి భాగం మత్తయి 5వ అధ్యాయంతో మొదలవుతుంది, నాలుగో భాగం 84వ కీర్తన. ఆ పుటలు తెరిచి పెట్టుకుని వినడానికి భక్తితో గాని, మతంతో గాని నిమిత్తం లేదు. ఏ మాట దగ్గర సంగీతం మలుపు తిరిగిందో తెలియాలంటే ఆ మాట అర్థం తెలిసి ఉండాలి, అంతే.

మొదటి కృతి

కొత్త శ్రోత వాద్యాలు లేని కృతితోనే మొదలుపెట్టాలి. క్రిస్మస్‌కు చర్చి క్వయర్ పాడే హల్లెలూయా కోరస్ చాలామందికి తెలుసు కనుక అక్కడినుంచే మొదలుపెడదామని అనిపిస్తుంది గాని, అది బాగా తెలిసినది కావడం చేతనే చెవికి పని కల్పించదు. కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవి ఒక్క గొంతును పట్టుకుని దాని వెంట నడుస్తుంది. ఇక్కడ నాలుగు గొంతులు నాలుగు వేర్వేరు వరుసలను ఒకేసారి పాడతాయి. పై స్థాయి నుంచి కిందికి సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే ఆ నాలుగింటిని విడివిడిగా గుర్తుపట్టడానికి విలియం బర్డ్ రచించిన నాలుగు గొంతుల మాస్‌కు మించిన పాఠం లేదు. 1590ల తొలినాళ్లలో, కాథలిక్ ఆరాధన నిషేధంలో ఉన్న ఇంగ్లండులో, ఇళ్లలో రహస్యంగా ప్రార్థన చేసుకునేవారి కోసం రాసిన ఈ కృతిని ముఖపత్రం కూడా లేకుండా అచ్చు వేశారు. చివరి ఆగ్నుస్ దేయీని నాలుగుసార్లు వినండి, ఒక్కోసారి ఒక్క గొంతు వెంటే వెళ్లండి.

దాని తరువాత 1567లో అచ్చయిన పాలెస్ట్రీనా ‘మిస్సా పాపే మార్చెల్లీ’, 1605లో అచ్చయిన విక్టోరియా ఆరు గొంతుల ‘రిక్వియం’, ఆపైన టాలిస్ నలభై గొంతులకు రాసిన ‘స్పెమ్ ఇన్ ఆలియం’ ఈ వరుసలో వినాలి. బాఖ్ బి మైనర్ మాస్ జోలికి ఆ తరువాతే వెళ్లాలి.

రికార్డింగును ఎంచుకోవడం

తొందరపడితే అంతా చెడేది ఈ దశలోనే. ఒకే త్యాగరాజ కృతిని ఇద్దరు విద్వాంసులు పాడితే రెండు వేర్వేరు అనుభవాలవుతాయని మనకు తెలుసు, అయినా పాశ్చాత్య సంగీతం దగ్గరికి వచ్చేసరికి స్వరాలన్నీ కాగితం మీద ఉన్నాయి కదా, ఎవరు పాడినా ఒకటే అనుకుంటాం. అది నిజం కాదు. క్వయర్‌లో ఎందరున్నారు, పై గొంతు పాడేది స్త్రీలా బాలురా, వాద్యాలు పాతవా కొత్తవా, రికార్డు చేసిన భవనంలో ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుంది అనే నాలుగు విషయాలు కృతి స్వభావాన్నే మార్చేస్తాయి.

వెతికేటప్పుడు కృతి పేరుతో కాక సూచిక సంఖ్యతో వెతకాలి. పేర్లు లాటిన్, జర్మన్, ఇంగ్లీషు భాషల్లో మారిపోతాయి గాని సంఖ్య మారదు. బాఖ్ బి మైనర్ మాస్‌కు బి.డబ్ల్యు.వి. 232, మోజార్ట్ రిక్వియంకు కె. 626, బ్రామ్స్ రిక్వియంకు ఓపస్ 45. ఫలితాల్లో కృతి మొత్తం ఉన్న ఆల్బమ్‌ను మాత్రమే తెరవాలి, సంకలనాలను ముట్టుకోకూడదు.

యాప్‌లో ఆల్బమ్ పక్కన కనిపించే సంవత్సరాన్ని నమ్మవద్దు. అది చాలాసార్లు మళ్లీ విడుదల చేసిన సంవత్సరం. కండక్టరు క్లెంపరర్ 1961లో రికార్డు చేసిన బ్రామ్స్ రిక్వియం ఈ శతాబ్దపు తేదీతో కనిపిస్తే అది కొత్త రికార్డింగు అని పొరబడడం చాలా తేలిక. అసలు తేదీ, స్థలం ఆల్బమ్‌తో వచ్చే చిన్న పుస్తకంలో ఉంటాయి. హైపీరియన్ వంటి రికార్డింగు సంస్థలు తమ వ్యాఖ్యలను వెబ్‌సైటులో ఉచితంగా చదవనిస్తాయి. అవి దొరకనప్పుడు డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే రెండు సూచికలు చూడాలి. తేదీ, స్థలం, క్వయర్, కండక్టరు నోటుపుస్తకంలోకి ఎక్కే వరకు ప్లే నొక్కకూడదు.

తరువాత చూడవలసినది పాఠాంతరం. ఫోరే రిక్వియం 1888, 1893, 1900 సంవత్సరాల రూపాల్లో ఉంది. చివరిదానిలో నిండు ఆర్కెస్ట్రా ఉంటుంది, 1893 నాటి రూపంలో వయోలాలు, చెల్లోల నీడలో గొంతులు మెత్తగా వినిపిస్తాయి. 1893 రూపాన్నే వినాలి, దానికి జాన్ రట్టర్ 1984 రికార్డింగు గాని, ఫిలిప్ హెరెవెగే 1988 రికార్డింగు గాని తీసుకోవాలి. మోజార్ట్ తన రిక్వియంను పూర్తి చేయకుండానే 1791లో మరణించాడు, శిష్యుడు జ్యుస్‌మాయర్ దానిని పూర్తి చేశాడు. 20వ శతాబ్దంలో మరికొందరు తమ పద్ధతిలో దానిని పూరించారు కనుక ఎవరి పూరణమో చూసుకోకుండా రెండు రికార్డింగులను పోల్చడం వృథా.

ఇక పోలిక. కృతి మొత్తాన్ని మూడు రికార్డింగుల్లో వింటే మొదటిది మరిచిపోతాం. ఒక్క మలుపును ఎంచుకుని దానినే మూడింటిలో వినాలి. బి మైనర్ మాస్‌లో ఆ మలుపు, క్రేదోలో క్రీస్తు శిలువ మరణాన్ని చెప్పే ‘క్రూసిఫిక్సుస్’ ముగిసి పునరుత్థానాన్ని చెప్పే ‘ఎత్ రెసురెక్సిత్’ మొదలయ్యే చోటు. క్రూసిఫిక్సుస్ సంగీతాన్ని బాఖ్ 1714 నాటి తన కాంటాటా (గొంతులకూ వాద్యాలకూ రాసిన కృతి) నుంచి తెచ్చుకున్నాడు. మెట్టు మెట్టుగా కిందికి దిగే ఒకే మంద్రవరుస పదమూడుసార్లు తిరిగి వస్తుంది, చివరిసారి వాద్యాలు చాలావరకు తప్పుకోగా గొంతులు అడుగుకు దిగి, ఎదురుచూడని మేజర్ (వెలుగు నిండినట్టు వినిపించే) స్వరసమూహంలో ఆగుతాయి. మరుక్షణం ట్రంపెట్లు, డోళ్లతో పునరుత్థానం విరుచుకుపడుతుంది.

దీనిని కార్ల్ రిక్టర్ 1961 రికార్డింగులో పెద్ద క్వయర్‌తోను, జాన్ ఎలియట్ గార్డినర్ 1985 రికార్డింగులో మధ్యస్థమైన క్వయర్, పాతకాలపు వాద్యాలతోను, 1982లో వెలువడిన జాషువా రిఫ్కిన్ రికార్డింగులో ఒక్కో వరుసకు ఒక్క గాయకుడితోను వినండి. రిక్టర్‌లో ఒక సమాజం మొత్తం దుఃఖిస్తున్నట్టు ఉంటుంది. రిఫ్కిన్‌లో నలుగురు మనుషుల దుఃఖం వినిపిస్తుంది. గార్డినర్‌లో నాట్యానికి దగ్గరైన లయ పునరుత్థానాన్ని పైకి లేపుతుంది. వరుసలన్నీ స్పష్టంగా వినిపిస్తూనే బృందగానపు బరువును కోల్పోని గార్డినర్ రికార్డింగుతోనే మొదటిసారి కృతి మొత్తాన్ని వినాలి.

ఈ పోలికలో మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, పాతకాలపు వాద్యాలతో పాడినవి నేటి శ్రుతికంటే సుమారు అర స్వరం కిందుగా ఉంటాయి, కాబట్టి మార్చి విన్న వెంటనే ఒకటి మందంగా, రెండోది మెరుపుగా అనిపిస్తుంది. అది గానంలోని గుణం కాదు. మధ్యలో కొన్ని నిమిషాలు మౌనంగా ఉండి, చెవి పాత శ్రుతిని విడిచిపెట్టాక రెండోది వినాలి. రెండు, ఎక్కువ శబ్దంతో ఉన్న రికార్డింగు ఎప్పుడూ మేలైనదిగా తోస్తుంది. నిశ్శబ్దపు భాగాలను ఆధారం చేసుకుని మూడింటి ధ్వనినీ చేత్తో సమం చేయాలి. మూడు, ముందుగా విన్నదే ప్రమాణంగా మనసులో నాటుకుపోతుంది. మర్నాడు వరుసను తిరగేసి వినేదాకా నిర్ణయం రాయకూడదు.

అల్లెగ్రి ‘మిసెరేరే’తో భవనం, గొంతు రెండింటి తేడా తెలుస్తుంది. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ క్వయర్ 1963లో డేవిడ్ విల్‌కాక్స్ నాయకత్వంలో ఇంగ్లీషులో పాడినదానిలో ఆకాశాన్నంటే స్వరం బాలుడైన రాయ్ గుడ్‌మన్‌ది. టాలిస్ స్కాలర్స్ అనే బృందం 1980లో ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీ ప్రార్థనామందిరంలో లాటిన్‌లో పాడినదానిలో అదే స్వరం ఆలిసన్ స్టాంప్ అనే సొప్రానోది. అందరూ ఎదురుచూసే ఆ తారస్థాయి స్వరం అల్లెగ్రి రాసినది కాదు, తరువాతి కాలపు ప్రతుల్లో చేరినది. అయినా దానిని పాడిన రికార్డింగులనే వినాలి. ఆ స్వరాన్ని తొలగించిన పండిత ప్రతి చరిత్రకు న్యాయం చేస్తుంది గాని చెవిని ఆకలితో వదిలేస్తుంది.

నక్షత్రాల రేటింగులు, ‘వినితీరవలసిన యాభై’ వంటి జాబితాలు ఈ పని చేసిపెట్టలేవు. 1923 నుంచి వస్తున్న గ్రామఫోన్ పత్రిక సమీక్షలను నేనూ చదువుతాను, అయితే తీర్పు కోసం కాదు, సమీక్షకుడు ఏ రెండు రికార్డింగులను ఎక్కడ పోల్చాడో తెలుసుకోవడానికి. ఎవరో ఎంచి ఇచ్చిన ఒక్క రికార్డింగును పదేళ్లు విన్నవారి కంటే, ఒక్క మలుపును మూడు రికార్డింగుల్లో శ్రద్ధగా విన్నవారికి ఆ కృతి బాగా తెలుస్తుంది.

ఆ తరువాత

ఎంచుకున్న రికార్డింగును మధ్యలో ఆపకుండా ఒకసారి వినాలి, బి మైనర్ మాస్‌కు దాదాపు రెండు గంటలు పడుతుంది. కొత్త కృతికి వెళ్లేటప్పుడు నచ్చిన క్వయర్‌ను గాని, తెలిసిన సాహిత్యాన్ని గాని పట్టుకుని పక్కకు జరగాలి. టాలిస్ స్కాలర్స్ నచ్చితే వారు పాడిన జోస్కాన్ అనే స్వరకర్త కృతుల రికార్డింగులకు, మాస్ సాహిత్యం పట్టుబడితే బేతోవెన్ ‘మిస్సా సోలెమ్నిస్’కు వెళ్లవచ్చు. రఖ్మనీనవ్ 1915 నాటి ‘ఆల్‌నైట్ విజిల్’కు (రాత్రి జాగరణ ప్రార్థనల కృతికి) మాత్రం అలెగ్జాండర్ స్వెష్నికవ్ 1965లో చేసిన సోవియట్ రికార్డింగుకు సాటి లేదు. ఐదో భాగం చివర బాస్ గొంతులు మెట్టు మెట్టుగా పాతాళానికి దిగే చోటు అక్కడ వినాలి. 1962లో కోవెంట్రీ కెథీడ్రల్ కోసం బ్రిటెన్ రాసిన ‘వార్ రిక్వియం’ను చివరికి ఉంచుకోండి. 1963లో వెలువడిన డెక్కా రికార్డింగును నడిపించినది బ్రిటెనే కనుక, మొదట దానిని పూర్తిగా వినండి, పోలిక పని తరువాత పెట్టుకోవచ్చు.