స్ట్రింగ్ పక్కకు పోతే ముందు లింబును తిట్టకండి: కాంపౌండ్ రైజర్‌తో రికర్వ్ కట్టేవాళ్లకు

“అన్నా, కింది లింబు మెలివడ్డది. కొత్త జత తెప్పియ్యాల్నా?”

విల్లు కట్టుకునేవాళ్ల ఫోన్ ఎత్తగానే ఇదే మాట. లింబు అంటే విల్లుకు పైన, కింద వంగే రెక్క. “పైది కిందికి, కిందిది పైకి మార్చి చూసినవా తమ్మీ?” అని అడిగితే అవతల సప్పుడుండదు. అయిదు నిమిషాల పని. ఎవ్వరూ చెయ్యరు.

పాత కాంపౌండ్ విల్లు (కప్పీలతో లాగేది) కామ్‌లు, అంటే ఆ కప్పీలు, కేబుళ్లు ఊడదీసి, ఆ రైజర్‌కు (చేత్తో పట్టుకునే నడుమ భాగానికి) రికర్వ్ లింబులు (కొసలు ముందుకు తిరిగినవి) బిగించిన విల్లులు నల్లగొండలో మా దోస్తు లేత్ షాపు బల్ల మీద చాలానే కట్టాను. పాలమూరు నుంచి బస్సెక్కి వచ్చినవి కూడా బాగుచేశాను. బో ప్రెస్ (లింబులను వంచి పట్టే యంత్రం) లేకుండా కాంపౌండును విప్పొద్దని, స్ట్రింగ్‌ను స్ట్రింగర్ అనే తాడు సాధనంతోనే ఎక్కించాలని, బాణం లేకుండా లాగి వదలొద్దని మీకు తెలుసనుకొనే రాస్తున్నా.

స్ట్రింగ్ లింబు నడుమ నుంచి పోవట్లేదు

మొదట చూసే పద్ధతి. రెండు లింబుల మీద మాస్కింగ్ టేపు అంటించి, కొలిచి, నడుమ గీత గీయండి. విల్లును కుర్చీకి ఆనించి, వెనక నిలబడి, ఒంటికన్నుతో చూడండి. స్ట్రింగ్ రెండు గీతలనూ సరిగ్గా కప్పాలి. ఒకచోట పక్కకు ఉంటే లింబులు విప్పి, పైవి కిందికి మార్చి మళ్లీ చూడండి.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. పైన ఉన్నప్పుడు ఎడమకు వంగిన లింబు కిందికి వస్తే కుడికి వంగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని తలకిందులు చేశాం. కాబట్టి ఎటు వంగిందని కాదు, ఏ లింబు వంగిందని చూడండి. వంకర లింబు వెంటే పోతే తప్పు లింబుది. కింద ఉన్న వంకర కిందనే ఉండిపోతే తప్పు రైజర్ పాకెట్టుది, అంటే లింబు మొదలు కూర్చునే గాడిది. మూడోది అసలు దొంగ: ఎక్కించిన ప్రతిసారీ వంకర ఒక్కో తీరుగా ఉండడం. పొద్దున సరిగ్గా ఉంటుంది, ముప్పై బాణాలేసేసరికి పక్కకు జరుగుతుంది. అది లింబు మెలి కాదు, పాకెట్టులో వదులు.

దీనితో నేను ఒక మంచి లింబును చంపుకున్నా. మొదటి విల్లులో కింది లింబు ఎడమకు వాలినట్టుంటే, వేడినీళ్ల ఆవిరి పట్టి కుడికి తిప్పాను. సూటిగా వచ్చింది, సంబరపడ్డాను. తెల్లారి ఎక్కిస్తే కుడికి వాలింది. ఆవిరి పట్టి ఎడమకు తిప్పాను. మూడోసారికి ఫైబర్ పొర లేచి వచ్చింది. దోస్తు లింబు అడుక్కొచ్చి బిగిస్తే అదీ అదే వంకర. అప్పటిదాకా పాకెట్టులోకి తొంగి చూడాలని తట్టలేదు. బండి చక్రం ఊగుతుంటే ఇరుసు వదిలేసి చక్రాన్ని చెక్కినట్టయింది నా పని.

ఎందుకిలా అవుతుందంటే, టేక్‌డౌన్ రికర్వ్‌లో (లింబులు విప్పదీయగలిగే దాంట్లో) లింబును బోల్టుతో పాటు రెండు పిన్నులు పట్టుకుంటాయి. కాంపౌండ్ పాకెట్టులో మనకు మిగిలేది ఒక్క బోల్టు, రెండు పక్క గోడలు. ఆ గోడల కొలత కాంపౌండ్ లింబుది. మన రికర్వ్ లింబు అంతకంటే కాస్త సన్నగా ఉంటే బోల్టు చుట్టూ తిరగడానికి చోటు దొరికినట్టే.

లెక్క చూడండి. బోల్టు నుంచి రైజర్ కొసన లింబు ఆనేచోటికి 60 మి.మీ., లింబు చివరికి 500 మి.మీ. అనుకుందాం. ఆనేచోట గోడకూ లింబుకూ మధ్య 0.4 మి.మీ. సందుంటే, లింబు చివర మూడు మి.మీ. పైనే జరుగుతుంది. కంటికి కనిపించని సందు, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే వంకర.

చేత్తో పట్టుకొని ఊపితే దొరకదు, అందుకే మోసపోతాం. బోల్టు బిగించి ఉంటే రాపిడి వల్ల లింబు రాయిలా నిలుస్తుంది. బాణం వదిలిన దెబ్బకు మాత్రం వెంట్రుక వాసి జరుగుతుంది, మళ్లీ జరుగుతుంది. కాబట్టి ఇట్ల పట్టండి: విల్లు ఎక్కించాక లింబు అంచు నుంచి పాకెట్టు గోడ మీదికి సన్నటి పెన్సిల్ గీత గీయండి. ముప్పై బాణాలు వేయండి. గీత రెండు ముక్కలైతే దొంగ దొరికినట్టే.

ఇంకో పరీక్ష కాటుకతో. పాకెట్టు అడుగున పలచగా కాటుక రాసి, లింబు బిగించి, విప్పి, లింబు అడుగున మరక చూడండి. రెండు అంచులకూ సమంగా అంటాలి. ఒక అంచుకే అంటితే లింబు ఒంటికాలి మీద నిలబడింది. సాధారణంగా అక్కడ పాత పెయింటు ముద్దో, డ్రిల్లు వేసినప్పుడు లేచిన పిసరో ఉంటుంది. సన్న ఆకురాయితో రాస్తే పోతుంది.

బోల్టును ఇంకా గట్టిగా బిగించడం మందు కాదు. అట్ల చేసి పాకెట్టు పగలగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. తాత్కాలికంగా అయితే కూల్‌డ్రింక్ టిన్ను రేకు వాడండి. ఒక్కో పొర సుమారు 0.1 మి.మీ. స్ట్రింగ్ నడుమకు వచ్చేదాకా రెండు గోడల వైపూ పొరలు పెట్టండి. రేకు అంచు లింబును కోయకుండా మడిచి పెట్టాలి.

నిలిచే పద్ధతి అరాల్డైట్ (ఎపాక్సీ జిగురు)తో సీటు పోయడం. లింబు మొదలుకు మైనం బాగా పట్టించి, పాకెట్టులో అరాల్డైట్ నింపి, లింబు కూర్చోబెట్టి, విల్లు ఎక్కించి, స్ట్రింగ్‌ను నడుమకు తెచ్చి ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. మైనం మరిచిపోతే లింబు, రైజర్ జన్మంతా ఒకటైపోతాయి, నవ్వులాట కాదు. తర్వాత ఆ విల్లును మే నెలలో మూసిన కారులో పెట్టొద్దు. మన నల్లగొండ ఎండకు కారులో వేడి ఎపాక్సీని మెత్తబరుస్తుంది, లింబు పొరలకూ మంచిది కాదు.

అన్నిటికన్నా మేలైనది లేత్ షాపులో రెండు పిన్నులు వేయించడం. స్ట్రింగ్ నడుమకు వచ్చాకే గుర్తు పెట్టాలి. పిన్ను బొక్కలు బోల్టుకూ లింబు మొదలు అంచుకూ మధ్యనే ఉండాలి. బోల్టుకు అవతల, లింబు కొన వైపు వేస్తే వంగే భారం పడేచోట తూటు పొడిచినట్టే.

మొదట తేలిక, చివర్లో రాయి

లాగుతుంటే మొదట మెత్తగా వచ్చి చివరి రెండు అంగుళాలు కదలదు. సరైన పొడవు స్ట్రింగ్ వేసినా బ్రేస్ హైట్ (పిడి నుంచి స్ట్రింగ్‌కు దూరం) తొమ్మిది, పది అంగుళాలు చూపిస్తుంది. ఇది పాకెట్టు కోణం. కాంపౌండ్ లింబులు షూటర్ వైపుకు ఎక్కువ వాలి ఉంటాయి, ఆ కోణంలో రికర్వ్ లింబుకు ముందస్తు బిగువు రాదు. లింబుకూ రైజర్‌కూ మధ్య ఏటవాలు ఆప్పు (ఒక కొస మందంగా, ఇంకో కొస పలచగా ఉండే ముక్క) పెట్టండి. మందం రైజర్ కొస వైపు ఉండాలి, అప్పుడే లింబు చివరలు ముందుకు పోతాయి. ఒక డిగ్రీ మారిస్తే లింబు చివర సుమారు తొమ్మిది మి.మీ. కదులుతుంది, అందుకే కొంచెం కొంచెంగా. బోల్టు వంకరగా కూర్చుంటుంది కాబట్టి గోళాకారపు వాషర్ తప్పనిసరి. లింబులు అడ్డంగా పడుకున్నట్టుండే కొత్త కాంపౌండ్ల రైజర్ అయితే ఈ పని మానుకోండి. ఏ ఆప్పూ చాలదు.

స్ట్రింగ్ పొడవు ముందే చూశారు కదా? విల్లు పొడవు కంటే సుమారు మూడు నాలుగు అంగుళాలు తక్కువ. ఇది చూడకుండా కోణం గురించి అడగడానికి వచ్చేవాళ్లను ఛాయ్ తాగించి పంపిస్తా.

బోల్టు కిర్రుమంటోంది, వదులవుతోంది

చాలా కాంపౌండ్ రైజర్లలో మరలు అంగుళాలవి, 5/16 సైజు. దాని మందం 7.94 మి.మీ. హార్డ్‌వేర్ షాపతను చూసి “ఎనిమిది నంబరే” అని ఎం8 ఇస్తాడు. రెండు మరలు ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది, మనం పానా పెట్టి తిప్పుతాం, అల్యూమినియం మర పొడి రాలుతుంది. పాత బోల్టు మీద ఒక అంగుళంలో ఎన్ని మరలున్నాయో లెక్కబెట్టండి. 24 ఉంటే సన్న మర, 18 ఉంటే ముతక. అదే కొనాలి. అల్యూమినియంలో కనీసం 12 మి.మీ. లోతు మర పట్టాలి. ఇప్పటికే పాడైతే లేత్ షాపులో హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగ చుట్ట) వేయించండి, వెల్డింగ్ వద్దు.

బాణం పక్కకు తోక ఊపుతూ పోతోంది

కాంపౌండ్ రైజర్ కిటికీని (బాణం పోయే చోటి కోతను) నడుమ గీత దాటి లోపలికి కోస్తారు, అక్కడ రిలీజ్ మిషన్ వాడతారు కాబట్టి. మనం వేళ్లతో వదులుతాం. వేళ్లతో వదిలిన బాణం పక్కకు వంగి తేరుకుంటుంది. పక్కన ఆనించే దిక్కు కావాలి. రైజర్‌లో రెస్ట్ (బాణం ఆనే చోటు) దగ్గర బొక్క ఉంటుంది, దానిదీ సాధారణంగా 5/16 సన్న మరే. ప్లంజర్ బటన్ (బాణానికి పక్కన ఆనే స్ప్రింగు బటన్) బిగించి, కుడిచేతి వాళ్లయితే బాణం మొన స్ట్రింగ్ గీతకు కొద్దిగా ఎడమన కనిపించేదాకా బయటికి తీయండి. ఆ తర్వాతే బాణాలు మార్చే మాట.

కిందికీ మీదికీ ఊగితే తప్పు నాక్ పాయింట్‌ది, అంటే స్ట్రింగ్ మీద బాణం తగిలించే చోటుది. బాణం స్ట్రింగ్‌కు లంబంగా ఉండే చోటుకు ఆరు నుంచి పన్నెండు మి.మీ. పైన పెట్టి మొదలుపెట్టండి. టిల్లర్ (పై, కింది లింబుల మొదలు నుంచి స్ట్రింగ్‌కు ఉండే దూరాల తేడా) మూడు మి.మీ. అటూఇటూ ఉంటే నిద్ర చెడగొట్టుకోవద్దు.

రైజర్ వంగడం, లింబు నిజంగానే మెలిపడడం, లోపలి పొర ఊడడం కూడా ఉంటాయి, కానీ అరుదు. రైజర్‌ను గాజు బల్ల మీద పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పొర ఊడిన లింబును అతికించొద్దు, పారేయండి. పాత లింబుల చివరలు బలపరిచినవి కాకపోతే డాక్రాన్ (కాస్త సాగే పాలిస్టర్ దారం) స్ట్రింగే వేయండి.

మొన్న దేవరకొండ నుంచి ఒకాయన విల్లు తెచ్చాడు. మన్ననూరు వైపు చెంచుల వెదురు విల్లులో ఇన్ని తంటాలెందుకు లేవని అడిగాడు. ఒంటి వెదురుకు బోల్టు ఏది, పాకెట్టు ఏది? ఆయన విల్లుకు పెన్సిల్ గీత గీసి ముప్పై బాణాలు వేయించాను. ఇరవై రెండో బాణానికి గీత విడిపోయింది.